జోడు వయసు

జనవరి 9, శనివారం

వచ్చాం. వచ్చీ రాగానే గస్ గాడి మొహం చూడాల్సి వచ్చింది.

ఆరిజోనా ఎడారిలో చోటుకేం కరువు? కంటికి ఆనినంత మేర గులకరాళ్ళు, జెముడు చెట్లు, పైన ఆకాశం. ఇందులో ఒక బస్సును నిలబెట్టుకోవడానికి ఇంకొకడి సలహా దేనికి? కానీ ఏటా ఇక్కడ జాతర చేసుకునే మా పాత బస్సుల సంఘానికి మర్యాదలు ఎక్కువ. ఎవరి బస్సు లోపలికి వచ్చినా ఒకడు ముందు నిలబడి రెండు చేతులూ ఊపుతూ దారి చూపించాలి. ఈసారి ఆ పని గస్‌కి అప్పగించారట.

"ఎడమకి! కొంచెం ఎడమకి! నీ ఎడమ, ఆర్లో, నీ ఎడమ!" అని జాతరంతా వినేలా అరిచాడు. మా ఆయన కుడికి తిప్పాడు. ఎదురుగా నిలబడి కేకలు పెట్టేవాడి ఎడమేదో, మన ఎడమేదో ఎవరికి మాత్రం వెంటనే తడుతుంది? నేను పక్క సీట్లోంచి చెయ్యి చూపించాక సరిగ్గానే పెట్టాడు. కళ్ళజోడు కొత్తది. ఇంకా అలవాటు కాలేదు.

ముందు అద్దం వెనక పలక పెట్టాం. సుద్దముక్కతో నేనే రాశాను. ఆర్లో 81, బస్సు 60, మొత్తం 141. అంకెలు బయటనుంచి కనపడాలని లావుగా రాశాను. వెళ్ళి గస్ పలక కూడా చూసి వచ్చాను. వాడు 78, బస్సు 62, మొత్తం 140. ఒక్కటంటే ఒక్క ఏడాది తక్కువ.

ఈ జోడు వయసు నియమం పెట్టింది వాడే. మనిషి వయసూ బస్సు వయసూ కలిపి ఎవరిది ఎక్కువైతే వాళ్ళే చివరి రోజు ఊరేగింపులో ముందు నడవాలని ఓ ఏడాది మీటింగులో లేచి ప్రసంగించాడు. అప్పట్లో అందరికంటే పాత బస్సు వాడిదే, అందుకని. ఆ మరుసటేడే హోలిస్ వచ్చాడు, వాడికన్నా పాత బస్సుతో, వాడికన్నా ముసలి ఒంటితో. గస్ మూతి ఇంత పొడుగున ముడుచుకున్నాడు. అప్పటినుంచి హోలిస్సే ముందు బండి. పోయిన వేసవిలో హోలిస్ పోయాడు. మంచివాడే గానీ పోవడానికి చాలా ఆలస్యం చేశాడు. ఇప్పుడు ఆర్లో వంతు. ఎన్నేళ్ళుగా ఎదురు చూశాడో నాకు తెలుసు.

సాయంత్రం గస్ పెళ్ళాం ఓపల్ నిమ్మ కేకు పట్టుకొచ్చింది.

"రో బంగారం! ఆర్లో ఎలా ఉన్నాడే?"

నా సంగతి అడగలేదు. తల ఓ పక్కకి వాల్చి, చావింటికి వచ్చినట్టు గొంతు తగ్గించి అడిగింది.

"బాగున్నాడు."

"నిజంగానా?"

"అబద్ధం కావాలంటే ఇంకో బస్సులో అడుగు," అన్నాను. కేకు మాత్రం తీసుకున్నాను.

జనవరి 10

ఓపల్ కేకు పక్కవాళ్ళ కుక్కకి పెట్టాను. మొత్తం తినేసింది. చావలేదు.

జనవరి 11

ఈ నెల పదహారున గస్ పుట్టినరోజు. ఊరేగింపు పదిహేడున. డెబ్బై తొమ్మిదీ అరవై రెండూ కలిపితే నూట నలభై ఒకటి. పొద్దున్న పాన్‌కేకుల వరసలో నిలబడినప్పుడు ఓపలే లెక్క చెప్పి, "చూశావా, ఇద్దరూ సమానమైపోతారు, ఎంత ముచ్చటో!" అని చేతులు కలుపుకుంది. నాకు ఒళ్ళు మండింది. పాన్‌కేకు అక్కడే వదిలేసి అధ్యక్షుడు డెల్బర్ట్ దగ్గరికి వెళ్ళాను.

డెల్బర్ట్ మంచం లాంటి కుర్చీలో పడుకుని మోకాలికి మంచుముక్కల సంచీ పెట్టుకున్నాడు. ఈ జాతరలో మోకాళ్ళు బాగున్నవి కుక్కలకే. అరవై దాటని ప్రాణులు కూడా అవే.

"జాతర మొదలైన రోజు ఎంత వయసుంటే అంతే లెక్క, రో. మధ్యలో పుట్టినవాళ్ళని ఒప్పుకోం. ఇంతకీ…" అని ఆగాడు.

"ఇంతకీ ఏంటి?"

"ఊరేగింపు దారిలో వాగు దాటి గట్టు ఎక్కేచోట ఈసారి రాళ్ళు బాగా లేచాయి. ముందు వెళ్ళే బండికి కష్టం. గస్ ఏమంటున్నాడంటే, తను ముందు దారి తీస్తే ఆర్లో వెనకే నింపాదిగా…"

అదీ సంగతి. పుట్టినరోజుతో కుదరకపోతే రాళ్ళతో. నేను డెల్బర్ట్‌తో ఏమన్నానో ఇక్కడ రాయను. పక్క బస్సులో రేడియో ఆపారు, అంత మాత్రం రాస్తాను.

ఇన్నేళ్ళ స్నేహం అంటారు వీళ్ళు. ఒకడి బస్సు దారిలో ఆగిపోతే నలుగురు వచ్చి ఇంజిన్ కింద దూరతారు. అంతా నిజమే. దూరి, బయటికొచ్చి, నూనె చేతులు తుడుచుకుంటూ, పెద్ద పెద్ద తప్పులు వెతికి చెప్పి వెళ్తారు. మేం నెబ్రాస్కాలో గడ్డివాములు పెట్టుకునే కొట్టంలో ఈ బస్సు సీట్లన్నీ పీకి, వంటగదీ మంచమూ నీళ్ళ గొట్టాలూ అమర్చినప్పుడు గస్ మూడు రోజులు మా దగ్గరే ఉన్నాడు. మూడు రోజులూ ఆర్లోకి గొట్టాలు వంచడం నేర్పాడు. ఆ గొట్టాలు ఇప్పటికీ కారతాయి.

జనవరి 12

ఆర్లో నీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. ఓపల్ వెంటబెట్టుకొచ్చింది. ఒక చేత్తో నీళ్ళ డబ్బా, ఇంకో చేత్తో మా ఆయన.

"మా బస్సెక్కి బల్ల దగ్గర కూర్చున్నాడు, బంగారం. కాఫీ ఇమ్మన్నాడు. ఇచ్చాను. చక్కెర తను ఎంత వేసుకుంటాడో నాకు తెలుసులే."

వాళ్ళ బస్సుకి ఆకుపచ్చ గీత, మా బస్సుకి ఎరుపు. కానీ దూరంనుంచి చూస్తే రెండూ వెండి రేకుల బస్సులే. ఆ ఎండలో ఎవరైనా పొరబడతారు. అదే అన్నాను. ఓపల్ అవునంది. ఆ అవును అనడంలోనే ఉంది దాని విషమంతా.

జనవరి 13

మంట చుట్టూ కూర్చున్నాం, ఇంకా పొద్దు గూకకముందే. బీన్స్ కూర ఉడుకుతోంది. ఎవరో, "ఆర్లో, నీ వెనక్కి తిరిగిన ఇంజిన్ కథ చెప్పవోయ్!" అన్నారు. ఏటా చెబుతాడు. అందరికీ వచ్చు, అయినా అడుగుతారు.

మా పాత బస్సుల ఇంజిన్లకి ఒక దయ్యం గుణం ఉంది. ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ ఇంజిన్ ఆగిపోయి, బస్సు గేరులోనే వెనక్కి జారితే, చక్రాలు ఇంజిన్ని వెనక్కి తిప్పుతాయి. అప్పుడది మళ్ళీ అంటుకుంటుంది, ఉల్టాగా. గాలి పీల్చాల్సిన గొట్టంలోంచి పొగ కక్కుతుంది. ముందుకు పోయే గేరు వేస్తే బస్సు వెనక్కి పోతుంది. ఎంత తొక్కితే అంత వెనక్కి. ఆర్లో కుర్రతనంలో కంపెనీ బస్సు నడిపే రోజుల్లో కొండ దారిలో నిజంగానే అలా జరిగింది. బస్సునిండా జనం. "ఇక చూడండి, నేను ముందుకు తొక్కుతున్నాను, కొండ నన్ను వెనక్కి నెడుతోంది, నాకు పిచ్చెక్కిందనుకున్నాను," అని కళ్ళు పెద్దవి చేసి చెబుతాడు. వెనక సీట్లో ఒక ముసలావిడ లేచి, "నాయనా, మేం ఊరికి వెళ్ళాలి, వచ్చిన చోటికి కాదు," అన్నదట. అక్కడ అందరూ నవ్వుతారు. ఆ తర్వాత అసలు కిటుకు. "పెద్ద గేరు, పెద్ద బ్రేకు!" అని రెండు చేతులూ ఎత్తి అరుస్తాడు. పెద్ద గేరు వేసి బ్రేకు తొక్కేస్తే ఇంజిన్ గింజుకుని చస్తుంది. అప్పుడు మళ్ళీ మామూలుగా మొదలుపెట్టుకోవచ్చు. ఆ చివరి మాట అందరూ ఆయనతో కలిసి అరుస్తారు.

ఇవాళ ముసలావిడ దాకా వచ్చాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. ఆ తర్వాత మంటలోకి చూస్తూ ఉండిపోయాడు. చేతులు కొంచెం పైకి లేచి మళ్ళీ ఒళ్ళో పడ్డాయి.

"ఆవిడ లేచి…" అని మళ్ళీ ముసలావిడ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

గస్ అందుకున్నాడు. "పెద్ద గేరు, పెద్ద బ్రేకు!" అని వాడు అరిచేశాడు. జనం కూడా వాడితో అరిచారు. చప్పట్లు కొట్టారు. ఆర్లో కూడా కొట్టాడు, ఎవరిదో కథ విన్నట్టు.

నోట్లో ముద్ద లాక్కున్నట్టు మనిషి కథ లాక్కోవడం నేనెక్కడా చూడలేదు. కొంచెం ఆగితే ఆయనే చెప్పేవాడు. ఊపిరి తీసుకుంటున్నాడు, అంతే. ముందు బండి దొరకలేదని కనీసం కథైనా లాక్కున్నాడు ఆ గస్. కూర గిన్నె తీసుకుని లేచి వచ్చేశాను. ఆ గిన్నె మాది కాదని తర్వాత చూశాను. తిరిగి ఇవ్వను.

జనవరి 14

ఆర్లోకి ఏమీ కాలేదు.

మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే గస్ వచ్చాడు. లోపలికి రమ్మనలేదు. మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"రో, నేను చెప్పేది కాస్త విను. తర్వాత తిట్టుకో."

"ముందే తిడతాను. టైము కలిసొస్తుంది."

"ఆదివారం స్టీరింగు చక్రం నువ్వు పట్టుకో."

"ముందు బండి కోసం ఇంత దిగజారాలా గస్? ఆ ఒక్క ఏడాది కోసం?"

"ముందు బండి మీదే. ఎవరూ తీసుకోరు. నడిపేది నువ్వు, అంతే. నీకు వచ్చుగా. మీ ఊళ్ళో పొలాల దార్లన్నీ నువ్వే తిప్పేదానివి."

"డ్రైవరు ఆర్లో. పలక మీద ఉన్నది ఆయన వయసు."

"పలక సంగతి వదిలెయ్. మొన్న మీరు లోపలికి వచ్చేటప్పుడు నేను బస్సుకి ఎదురుగా నిలబడ్డాను. ముందు అద్దంలోంచి నాకు ఆర్లో చేతులు కనపళ్ళేదు రో. నీ చేతులే కనపడ్డాయి. ఇటు, అటు, ఆపు, పోనీ. ఎన్నాళ్ళనుంచి పక్క సీట్లో కూర్చుని నడుపుతున్నావు?"

"దారి చూపించడం నడపడం కాదు. నువ్వూ చూపించావుగా, నువ్వు నడిపినట్టా?"

"దార్లో ఎర్ర దీపాలు వచ్చాయి కదా. ఎవరు ఆపారు?"

"నీ కాలు నా మెట్టు మీదనుంచి తియ్యి," అన్నాను.

తీశాడు. టోపీ పెట్టుకున్నాడు. "ఆర్లో నాకు కూడా కావాలి. నీ ఒక్కదానికే కాదు," అని వెళ్ళాడు.

వాడికి కావాలట! ఇలాంటి ఏడుపు మాటలకి నేను పడిపోతానా? వీళ్ళు ఒకసారి చక్రం లాక్కుంటే మళ్ళీ ఇవ్వరు. చక్రం లేకపోతే బస్సు దేనికి అంటారు. అమ్మేసుకోండి, మంచి బేరం చూపిస్తాం అంటారు. హోలిస్ బస్సుకి అదే జరిగింది. ఇల్లు ఎప్పుడో అమ్మేశాం, మాకు ఉన్న ఇల్లు ఇదే. ఇది పోతే ఒమాహాలో మా చెల్లెలు థెల్మా ఇంటి వెనక గది. ఆ గది కిటికీ తెరిస్తే పక్కింటి వాళ్ళ కారు కొట్టం గోడ. ఆర్లో ఆ గోడ చూస్తూ కూర్చోవాలా? పొద్దున్న లేచి, తలుపు తీసి, ఇవాళ ఎక్కడున్నాం రో అని అడుగుతాడు. ముప్ఫై ఏళ్ళుగా అలాగే అడుగుతాడు. బస్సులో ఉన్నంతకాలం ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. బస్సులో ఉన్నవాళ్ళెవరైనా అడిగే ప్రశ్నే అది.

నేను నడపలేక కాదు. నేను ఆ సీట్లో కూర్చున్న రోజున ఆయన లేడని ఒప్పుకున్నట్టే. అది గస్‌కి చెప్పాల్సిన పని లేదు.

జనవరి 15

గాలి. ఇసుక. ఎవరూ బయటికి రాలేదు. దేవుడు ఉన్నాడు.

హోలిస్ కనపడ్డం లేదేంటని ఆర్లో అడిగాడు. చెప్పాను. కళ్ళు తుడుచుకున్నాడు. కాసేపటికి మళ్ళీ అడిగాడు. ఊరెళ్ళాడని చెప్పాను.

జనవరి 16

గస్ పుట్టినరోజుకి వెళ్ళనని నిన్ననే తేల్చుకున్నాను. ఆర్లో మాత్రం కేకు కేకు అని ప్రాణం తీశాడు. వెళ్ళాం.

గస్ తన పలక మీద అంకె మార్చలేదు. డెబ్బై ఎనిమిది అలాగే ఉంచాడు. "సంఘం ఆమోదించేదాకా నాకు వయసు పెరగదు," అని అందరినీ నవ్వించాడు. అంతా నాటకం. గొప్పతనం చూపించుకోవడానికి ఇంత మంచి అవకాశం వదులుకుంటాడా?

అందరూ పాట పాడాక ఆర్లో కోటు జేబులోంచి ఏదో తీసి గస్ చేతిలో పెట్టాడు. మా పెద్ద రెంచీ. పిడికి ఎర్ర టేపు చుట్టింది. ఈ బస్సు ఇంజిన్ దింపినప్పుడల్లా, ఎక్కించినప్పుడల్లా ఆయన చేతిలో ఉన్నది అదే. దాన్ని నాకు కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"ఇదెందుకురా?" అన్నాడు గస్.

"నీ దగ్గరుంచు. నాకిక పని లేదు," అన్నాడు ఆర్లో.

ఏదో మాట వరసకి అన్నాడు. పుట్టినరోజు కదా, ఏదో ఒకటి ఇవ్వాలని చేతికి దొరికింది ఇచ్చాడు. గస్ నావైపు చూశాడు. తిరిగి ఇవ్వబోయాడు కూడా. నేను తీసుకోలేదు. వాడి దగ్గర చెయ్యి చాచడమా?

రేపు ఊరేగింపు. బస్సంతా కడిగాను. ముందు అద్దం రెండుసార్లు తుడిచాను. ఆర్లో తెల్ల చొక్కా ఇస్త్రీ చేశాను.

ఆర్లోకి ఏమీ కాలేదు.

జనవరి 17

రాయాలి. రాయకపోతే రేపు నేనే మార్చి చెప్పుకుంటాను.

పొద్దున్న ఆర్లో చాలా బాగున్నాడు. తెల్ల చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని, తన సీట్లో కూర్చుని ఇంజిన్ మొదలుపెట్టి, గాలి బ్రేకుల ముల్లు ఎక్కేదాకా చూసి, తనే లైట్లు వేశాడు. నేనేమీ చెప్పలేదు. ఒక్క మాట కూడా చెప్పలేదు. ముందు బండి. మా వెనక గస్, గస్ వెనక మిగతా అందరూ వయసు వరసన. బస్సులు కదలనివాళ్ళు, నడవలేనివాళ్ళు గట్టు కింద వాగు ఒడ్డున కుర్చీలు వేసుకుని కాఫీ కప్పులతో కూర్చున్నారు. డెల్బర్ట్ మోకాలి సంచీతో సహా అక్కడే. మేం వాళ్ళ ముందునుంచి వెళ్తుంటే అందరూ చేతులూపారు. ఆర్లో హారన్ కొట్టాడు. చూడండి, చూడండి అని నేను మనసులో ఒక్కొక్కరి మొహానా కొట్టాను.

వాగు దాటి గట్టు ఎక్కుతున్నాం. సగం ఎక్కాక చక్రం కింద రాయి పొర్లింది. ఆర్లో గేరు మార్చబోయి ఆపేశాడు. క్లచ్ తొక్కి, వదిలి, మళ్ళీ తొక్కి, చెయ్యి గేరు కర్ర మీద ఉంచి నిలిచిపోయాడు. ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. బస్సు వెనక్కి జారింది. క్లచ్ వదిలేశాడు. ఒక కుదుపు. ఇంజిన్ మళ్ళీ అందుకుంది. నేను అమ్మయ్య అనుకున్నాను.

కానీ చప్పుడు వేరు. లోపల ఎవరో రాళ్ళు నములుతున్నట్టు. స్టీరింగు ముందు ఇంజిన్ నూనె అందడం లేదని చెప్పే దీపం ఎర్రగా వెలిగింది. పక్క అద్దంలో చూస్తే గాలి గొట్టంలోంచి నల్లటి పొగ.

ఆర్లో మొదటి గేరు వేసి తొక్కాడు. బస్సు వెనక్కి వెళ్ళింది. ఇంకా తొక్కాడు. ఇంకా వేగంగా వెనక్కి. నాకు అర్థమైపోయింది. అర్థం కాకుండా ఉంటుందా, ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను ఆ కథ.

"ఆర్లో! వెనక్కి తిరుగుతోంది! పెద్ద గేరు! పెద్ద గేరు, పెద్ద బ్రేకు!" అని అరిచాను.

ఆర్లో నావైపు తిరిగాడు. కంగారు లేదు. చాలా మర్యాదగా చూశాడు. కాలు మాత్రం యాక్సిలరేటరు మీదే ఉంది.

"ఇది ఎవరి బస్సండీ?" అన్నాడు.

నలభై ఆరేళ్ళ కాపురంలో ఆర్లో నన్ను అండీ అనలేదు. కోపం వచ్చినప్పుడు కూడా అనలేదు.

నేను ఆయన మీదికి వంగి కాలు లాగబోయాను. రాలేదు. అద్దంలో మా బస్సు వెనక భాగం వాగు ఒడ్డు వైపు తిరగడం కనపడింది. అక్కడ కుర్చీలు. డెల్బర్ట్ లేవడానికి ప్రయత్నిస్తున్నాడు, లేవలేకపోతున్నాడు. ఎవరి కాఫీయో కింద పడింది. ఆ మోకాళ్ళతో వాళ్ళెవరూ పరిగెత్తలేరు.

వెనక గస్ బస్సు ఉంది కదా. వాడు వెనక్కి తీసుకుంటే తప్పుకునేవాడు. నేనైతే తీసుకునేదాన్ని. ఎవరైనా తీసుకుంటారు. వాడు ముందుకు వచ్చాడు. కుర్చీలకీ మాకూ మధ్యకి, మా బస్సు వెనక భాగానికి తన బస్సు ముక్కు ఆనించడానికి వచ్చాడు. ఇంకా సరిగ్గా ఆనక ముందే మేం వెళ్ళి గుద్దుకున్నాం. రేకు నలిగిన చప్పుడు, అద్దం పగిలిన చప్పుడు. వాడి బస్సు జరిగింది గానీ ఆగింది. మా ఇంజిన్ దాన్ని నెట్టలేక గింజుకుని చచ్చింది.

నేను బ్రేకు లాగాను. ఆర్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

దిగాను. అరవై రెండేళ్ళుగా ఎవరూ సొట్ట పెట్టని మొహం ఆ బస్సుది. ఏటా దాన్ని మైనంతో తుడిచేవాడు. ఒక కన్ను లోపలికి పోయింది, ముందు అద్దం సగం లేదు. ఓపల్ లోపలే ఉంది, ఒళ్ళో గాజు పెంకులతో. బాగానే ఉంది. గస్ దిగి వచ్చాడు, నుదుటి మీద రక్తం. తన బస్సు మొహం చూసుకోలేదు. పైకి చూసి, మా కిటికీలోంచి ఆర్లోని చూసి, కుర్చీల వైపు తిరిగి గట్టిగా అన్నాడు.

"ఇంజిన్ వెనక్కి తిరిగింది! ఎవరికైనా జరిగేదే!"

"అవునవును, ఇంజిన్ వెనక్కి తిరిగింది," అన్నాడు డెల్బర్ట్.

"పాత ఇంజిన్లు. దయ్యాలు," అంది ఎవరో ముసలామె.

ఒకరి తర్వాత ఒకరు అదే మాట. అందరూ తలలూపారు. అందరికీ తెలుసు. నాకు వాళ్ళందరి మీదా ఎంత కోపం వచ్చిందంటే అక్కడే గులకరాళ్ళ మీద కూర్చుండిపోయాను. నన్ను తిట్టొచ్చు కదా. ఒక్కడైనా నోరు తెరిచి తిట్టొచ్చు కదా. నేను వాళ్ళనైతే వదిలేదాన్నా?

జనవరి 18

గస్ మా బస్సు కింద దూరి ఉన్నాడు పొద్దుటినుంచీ. వెనక్కి తిరిగినంతసేపూ నూనె అందలేదు కాబట్టి లోపల ఏమన్నా అరిగిందేమోనని చూస్తున్నాడు. చేతిలో ఎర్ర టేపు రెంచీ. అరగలేదట. కొద్దిసేపే కాబట్టి బతికిందట. వెనక తలుపు మూసుకోవడం లేదు, తాడుతో కట్టాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనపడుతున్నాయి. వాటితోనే మాట్లాడాను.

"మీ బస్సు అద్దానికి ఎంతవుతుంది?"

"నోర్ముయ్ రో."

"ఆ గొట్టాలు ఇప్పటికీ కారుతున్నాయి, నువ్వు వంచినవి."

"తెలుసు. ఆర్లో వంచాడు అవి. నేను చెప్పినట్టు వంచలేదు."

ఓపల్ కేకు తెచ్చింది. తిన్నాను. మరీ తియ్యగా ఉంది, చెప్పాను కూడా. కూర గిన్నె తిరిగి ఇచ్చేశాను. అది వాళ్ళదేనట.

పలక తుడిచాను. చాలాసేపు ఖాళీగా పెట్టుకు కూర్చున్నాను. తర్వాత రాశాను. 69. బస్సు 60. మొత్తం 129.

జనవరి 19

ఇవాళ తిరుగు ప్రయాణం. నూట ఇరవై తొమ్మిదికి వరసలో చివరి చోటు. కొత్తగా చేరినవాళ్ళ వెనక. అందరూ వెళ్ళేదాకా ఆగి, అప్పుడు కదిలాను. గేరు గరగరమంది. బండ్లు కదలక కుర్చీల్లో మిగిలినవాళ్ళెవరూ నవ్వలేదు. ఒక్కరైనా నవ్వితే బాగుండేది.

గస్ గట్టు మీద నిలబడి రెండు చేతులూ ఊపాడు. ఎడమకి. కొంచెం ఎడమకి. నా ఎడమ. నేను వాడి చేతులవైపే చూస్తూ ఎక్కాను. పైకి వచ్చాక కిటికీ దించి, "అంత గట్టిగా ఊపనక్కర్లేదు, నాకు కళ్ళున్నాయి," అన్నాను. "పో ముసలిదానా," అన్నాడు. వచ్చేశాను.

రోడ్డెక్కాక ఆర్లో పక్క సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నిద్రనుకున్నాను. గేరు మార్చాల్సిన చోట, "ఇప్పుడు," అన్నాడు. మార్చాను, చప్పుడే లేదు. మళ్ళీ కాసేపటికి, "ఇప్పుడు." ఇంజిన్ చప్పుడు విని చెబుతున్నాడు. కళ్ళు తెరవలేదు.

డీజిలు కోసం ఆపాను. నేను గొట్టం పట్టుకుని నిలబడితే ఆయన దిగి బస్సు ముందుకి వెళ్ళాడు. వెతుక్కోవాల్సి వస్తుందేమోనని భయపడ్డాను. ఎటూ పోలేదు, అద్దం ముందు నిలబడి పలక చదువుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"అరవై తొమ్మిది ఎవరికండీ?" అన్నాడు.

"నాకు."

"బస్సుకి?"

"అరవై."

రెండు అంకెల మీదా అద్దంపైనుంచి వేలు పెట్టి చూశాడు.

"అయితే మీరే పెద్ద. మీరే నడపాలి," అన్నాడు.

"సరేనండీ," అన్నాను. ఆయన ఎక్కేదాకా తలుపు పట్టుకుని, తర్వాత నేను ఎక్కాను.